పట్టాలు లేని షాటు

ఆ పొద్దున ఆకాశం నానబెట్టి పిండకుండా వదిలేసిన గుడ్డలా ఉంది. వాన పడదు, ఎండ రాదు. ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పటి ఎటూ తేల్చుకోలేక వేలాడుతోంది. నేను కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని దాన్నే చూస్తున్నాను. గదిలోకి తిరిగితే తలుపు వెనక తమ్ముడి చెప్పులు కనబడతాయి. ఎడమది మామూలు చెప్పు. కుడిదానికి అడుగున రెండు వేళ్ల మందం రబ్బరు అతికించి ఉంటుంది. నాలుగు నెలలైనా వాటిని ఎవరూ తియ్యలేదు.

తమ్ముడు పాటల వీడియోలు తీసేవాళ్ల దగ్గర కెమెరా ట్రాలీ తోసేవాడు. నేల మీద ఇనప పట్టాలు పరవాలి, వాటి కింద చెక్కముక్కలు దోపి సమం చెయ్యాలి. కెమెరా ఉన్న బండిని ఎక్కడ మొదలెట్టమంటే అక్కడ మొదలెట్టి, సుద్దగీత దగ్గర ఆపాలి. ఇరవై రెండేళ్లు అదే పని. ఒకరోజు సాయంత్రం ఇంటికొస్తూ బస్సులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చివరి స్టాపులో కండక్టరు లేపితే లేవలేదు. కబురొచ్చినప్పుడు నేను మేకలకి నీళ్లు పెడుతున్నాను. తొట్టి నిండేదాకా పెట్టి, అప్పుడు బయల్దేరాను. ఎందుకలా చేశానో నాకు తెలీదు. తొట్టి సగంలో ఉంది, నింపాను. అంతే.

ఏడుపు అప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు.

వాడి ఫొటో ఇంట్లో ఒక్కటే ఉంది, గుర్తింపు కార్డు మీదది. అందులో ఎవరో పిలిస్తే ఉలిక్కిపడినట్టుంటాడు. కదిలే బొమ్మ ఒక్కటీ లేదు. ఫోన్లో ఉన్నవన్నీ వాడు తీసినవే. వాటిలో అందరం ఉన్నాం, వాడు తప్ప. ఎవరైనా వాణ్ణి తియ్యబోతే, "నా చోటు కెమెరాకి ఇవతల" అని ఫోను లాక్కునేవాడు.

వాడి కూతురు కాలేజీలో సినిమా చదువు చదువుతోంది. తిండి తక్కువని చిన్నప్పటి నుంచి మేమంతా పిట్ట అంటాం. ఏదైనా ఒక పాట వీడియో తీసుకుని షాటు షాటుగా విడదీసి, కథ ఎలా చెప్పారో, కెమెరాని ఎలా వాడారో రాసుకు రమ్మంది వాళ్ల మేడం. పిట్ట వాళ్ల నాన్న పనిచేసిన పాటే తీసుకుంది. పైకి అది చదువు. లోపల వేరే ఉంది. ఆ మూడు నిమిషాల నలభై సెకన్లలో ఎక్కడో, ఏ అద్దంలోనో ఏ నీడలోనో, నాన్న ఒక్కసారైనా పడి ఉంటాడని. నాకు ఫోన్ చేసిందీ అందుకే.

"పెదనాన్నా, నువ్వైతే కనిపెడతావు. చీకట్లో తోక చూసి ఏ మేకో చెప్తావు కదా."

"తోక కాదే, నడక."

"ఏదో ఒకటి. నువ్వు రా."

వచ్చాను. ఇది మూడో రోజు. రెండు రోజులూ అద్దాల్లోనూ నీడల్లోనూ మనిషి కోసమే వెతికాం, చదువు సంగతి తను ఇవాళే నాకు విప్పి చెప్పింది. రాసింది మధ్యాహ్నం రెండింటికల్లా మేడం చేతిలో పెట్టాలి.

బల్ల మీద కంప్యూటరు తెరిచి ఉంది. పక్కన గీతలు కొట్టిన పెద్ద కాగితాలు. షాటు నంబరు, ఎన్ని సెకన్లు, కెమెరా ఎంత దూరం, ఎటు కదిలింది, దానివల్ల కథలో ఏం తెలిసింది, అని గడులు.

"మొత్తం డెబ్బై నాలుగు షాట్లు," అంది పిట్ట. "షాటంటే ఒక్క కోత. నువ్వు గడ్డి కోస్తావు చూడు, కొడవలి పడ్డప్పుడల్లా ఒక గుప్పెడు. అలాగ."

"అయితే డెబ్బై నాలుగు గుప్పెళ్లు."

"అబ్బో! నిన్ను మా క్లాసులో కూర్చోబెట్టాలి."

"కూర్చోబెడితే మీ మేడం పారిపోతుంది."

"పారిపోదు, నిద్రపోతుంది," అంది మరదలు వంటింట్లోంచి. "మీ పెదనాన్న రెండు మాటల మధ్య ఒక కునుకు తియ్యొచ్చు."

నాలుగు నెలల్లో ఆవిడ నోట నేను విన్న పెద్ద మాట అదే. బట్టల దుకాణానికి కాజాలూ గుండీలూ కుడుతుంది. పొద్దున్నే వంట చేసి మాకు పెడుతుంది. తను మాత్రం మాతో కూర్చోదు. మేం లేచాక పొయ్యి పక్కన నిలబడి, గిన్నెలోంచే నాలుగు ముద్దలు తిని నీళ్లు తాగుతుంది. అడిగితే "ఆకలెయ్యలేదు బావగారూ" అంటుంది. రెండుసార్లు అడిగి ఊరుకున్నాను.

పిట్ట పాట సౌండు పూర్తిగా తీసేసింది. "మేడం ముందు మూగగా చూడమంటుంది. పాట వినబడుతుంటే కన్ను బద్ధకిస్తుందట."

ఆ మేడం ఎవరోగాని తెలివైందే. అరుపులు వింటూ మందని లెక్కపెట్టలేం.

వీడియోలో కథ పెద్దదేం కాదు. పాడే అమ్మాయి మూతపడిన ఒక హోటల్లోకి వస్తుంది. ఎవరినో వెతుకుతుంది. ఒక గదిలో పక్క మీద దుప్పటి తడిమి చూస్తుంది. ఇంకో గదిలో కుళాయి కారుతుంటే కట్టేస్తుంది. మనిషి ఎక్కడా ఉండడు. చివరికి పొడుగాటి కారిడార్లో నడిచి, మలుపు తిరిగి, ఇద్దరికి కంచాలు పెట్టిన బల్ల దగ్గర ఒక్కతే కూర్చుంటుంది.

"ఇప్పుడు ఎలా చెప్పారో చూడు," అంది పిట్ట. పెన్ను క్యాపు కొరుకుతూ మాట్లాడుతుంది, వాళ్ల నాన్న సుద్దముక్క కొరికినట్టే. "మొదట్లో ఒక్కో షాటు సెకను, సెకనున్నర. తలుపు, చెయ్యి, మంచం, తలుపు. గబగబా. అంటే ఇంకా దొరుకుతాడని ఆశ. పోనుపోను షాట్లు పొడుగవుతాయి. ఆశ తగ్గేకొద్దీ కోత తగ్గుతుంది. చివరి షాటు నలభై ఒక్క సెకన్లు, కోతే లేదు."

"ఊఁ."

"రెండోది. మొదట్లో కెమెరా ఆ అమ్మాయికి ముందుంటుంది, వెనక్కి జరుగుతూ ముఖం చూపిస్తుంది. మధ్యలో పక్కకొస్తుంది. చివర్లో పూర్తిగా వెనక్కి వెళ్లిపోతుంది. ముందున్నప్పుడు మనకి పాడుతోంది. వెనకుంటే మనం ఉన్నట్టే తనకి తెలీదు."

మంద వెనక నడిచేవాడి సంగతే ఇది. వాడికి ముఖాలు కనబడవు, నడకలు కనబడతాయి. అన్నీ తిన్నగా పోతున్నాయా, ఏది కాలు ఎత్తేస్తోంది, ఏది వెనకబడుతోంది. నలభై ఏళ్లు నేను చూసింది అదే. పిట్ట అప్పటికే ఇరవై ఏడో షాటు దగ్గర ఆపింది.

"ఇక్కడ. నిన్న పడుకోబోయే ముందు దొరికింది."

అమ్మాయి ఒక అద్దం తలుపు తోసి లోపలికి పోతుంది. తలుపు తిరిగేటప్పుడు అద్దంలో ఇవతలి పక్క ఒక్క క్షణం పడుతుంది. స్టాండు, లైటు, బూడిదరంగు చొక్కాలో ఒక మనిషి. ముఖం మసక. భుజాన వైరు చుట్ట. తలొంచుకుని ఒక్క అడుగు వేసి అద్దంలోంచి వెళ్లిపోతాడు.

"పదకొండు ఫ్రేములు," అంది. "అర సెకను కూడా లేదు. వీపు అలాగే లేదూ? మెడ కూడా. నాన్నే కదా పెదనాన్నా?"

పదకొండు ఫ్రేములూ ఒకటొకటిగా తిప్పి చూపించింది. మళ్లీ తిప్పింది. నేను ఆ ఒక్క అడుగునే చూశాను. అడుగు సమంగా పడింది.

తమ్ముడికి ఏడేళ్లప్పుడు గోడ కూలి కుడికాలు విరిగింది. కట్టు కట్టినవాడు ఎలా కట్టాడో గాని రెండు వేళ్లు పొట్టిగా అతుక్కుంది. అప్పటినుంచి వాడి నడకలో ఒక అడుగు నిండుగా, ఒకటి పొట్టిగా పడేది. తర్వాత చెప్పుకి రబ్బరు వేయించినా ఆ నడక మారలేదు. బడికి పోయేటప్పుడు వాడు నా వెనక వచ్చేవాడు. వస్తున్నాడో లేదో నేను తిరిగి చూసేవాణ్ణి కాదు, వినేవాణ్ణి. పనిలో వాళ్లు వాడికి పెట్టిన పేరు ఒకటిన్నర. "ఒకటిన్నర ఎక్కడరా? పట్టాలు పరవమను" అనేవారట. వాడే నవ్వుతూ చెప్పేవాడు.

అద్దంలో మనిషికి రెండు కాళ్లూ ఒకే పొడుగు.

పిట్ట నా ముఖంలోకి చూస్తోంది. పెన్ను క్యాపు పళ్ల మధ్య ఉంది, కొరకడం ఆపేసింది.

"అవును," అన్నాను. "వాడే."

"అమ్మా! పెదనాన్న కూడా నాన్నే అంటున్నాడు!"

మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది. "ఊఁ" అని, మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

పిట్ట మా ఇద్దర్నీ పట్టించుకునే స్థితిలో లేదు. కాగితాలు ముందుకు లాక్కుని గబగబా రాసేసింది. "నా వ్యాసం మొత్తం దీని చుట్టూనే తిప్పుతా. వెతుకుతున్న మనిషి కథలోనే ఉన్నాడు, అద్దంలో, అర సెకను. చూసేవాళ్లకే తెలీదు. మేడం పడిపోవాలి!" అంది. తర్వాత ఆ బొమ్మని పెన్‌డ్రైవులో వేసుకుంది. "కింద జిరాక్స్ షాపులో పెద్దది తీయించుకొస్తా. ఒకటి వ్యాసానికి, ఒకటి గోడకి."

చెప్పులేసుకుని దడదడా మెట్లు దిగింది. కంప్యూటరు అలాగే నడుస్తోంది, పాట అయిపోయి మళ్లీ మొదలవుతోంది. దాన్ని ఆపడం నాకు రాదు.

నేను చేసిన పని గురించి ఆలోచించాలనుకున్నాను. ఆలోచన రాలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని కరెంటు పనివాడు ఈ ఇంటి గోడకెక్కుతాడు. పండక్కీ పబ్బానికీ వీళ్లు వాడికి దణ్ణం పెట్టుకుంటారు. అదంతా ఎవరి ఇంట్లోనో జరుగుతున్నట్టుంది. వంటింట్లో ఉల్లిపాయ తరుగుతున్న చప్పుడు. తెర మీద తలుపు, చెయ్యి, మంచం, కుళాయి.

అప్పుడు చివరి షాటు వచ్చింది.

కారిడారు. అమ్మాయి వీపు. నున్నటి చెక్క నేల, ఎక్కడా పట్టా లేదు. నేలంతా కనబడుతుంటే పట్టాలు ఎక్కడ పెడతారు? కెమెరా ఆమె వెనక పోతోంది. పోతూ పోతూ బొమ్మ ఒకసారి కొంచెం కిందికి కుంగుతోంది, లేస్తోంది. మళ్లీ కుంగుతోంది, ఈసారి తక్కువ. నిండుగా ఒకటి, పొట్టిగా ఒకటి. నిండుగా, పొట్టిగా.

స్టూలు బల్ల దగ్గరికి లాక్కున్నాను. ఆ షాటుకి పిట్ట ఏం రాసిందో కాగితం మీద చూశాను. "చేతిలో పట్టుకున్న కెమెరా. చిన్న కుదుపులు. ఆమె గుండె చప్పుడులా." ఇంటర్నెట్లో కూడా అందరూ అలాగే మెచ్చుకున్నారని నిన్న చెప్పింది.

చేతిలో పట్టుకుంటే అన్ని వైపులా ఊగుతుంది. ఇది ఊగడం లేదు, కుంటుతోంది.

పట్టాలు ఉన్నన్నాళ్లూ అవి వాడి కాలుని దాచాయి. బరువంతా భుజం మీద వేసి, కాలి తేడా బండికి తెలియకుండా తోసేవాడు. అది నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టిందని నాతో ఒకసారి అన్నాడు. ఇక్కడ పట్టాలు లేవు. ఆ అడుగుల్ని ఎందుకుంచేశారో నాకు తెలీదు. బాగుందనుకున్నారో, మళ్లీ తీసే టైము లేకపోయిందో.

నా గోరు బల్ల మీద తడుతోందని కాసేపటికి గమనించాను. ఉల్లిపాయ చప్పుడు ఆగిపోయింది. వెనక్కి తిరిగితే మరదలు వంటింటి గుమ్మంలో కత్తి పట్టుకుని నిలబడి ఉంది. తెర వైపు చూడడం లేదు. నా గోరు వైపు చూస్తోంది.

పిట్ట రొప్పుతూ వచ్చింది. చేతిలో చుట్టిన రెండు కాగితాలు. ఒకటి విప్పి, గోడ మీదున్న గుర్తింపు కార్డు ఫొటో పక్కన ఆనించి పట్టుకుంది. "అమ్మా, ఆ సూది డబ్బాలోంచి రెండు పిన్నులియ్యవే."

మరదలు కదల్లేదు.

ఇంక ఆగితే ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది. "పిట్టా, అది నాన్న కాదే."

"ఏది?"

"ఆ అద్దంలోది."

కాగితం అలాగే పట్టుకుని ఉంది. "నువ్వేగా అన్నావు వాడేనని?"

"అన్నాను."

"మరి?"

"నువ్వు అలా చూస్తుంటే వేరే మాట రాలేదు. నడక వాడిది కాదు."

"ఒక్క అడుగు! ఒక్క అడుగులో నడకేంటి పెదనాన్నా? ఆయనేమన్నా నీ మేకా?" అంది. "అమ్మా, నువ్వు చెప్పు. నువ్వు కూడా చూశావుగా."

మరదలు కత్తి బల్ల మీద పెట్టింది. "ఆ చొక్కాకి జేబు లేదు," అంది. "మీ నాన్న చొక్కాలన్నిటికీ నేను రెండు జేబులు కుట్టాను. ఒకటి చెక్కముక్కలకి, ఒకటి సుద్దకి. జేబు లేని చొక్కా ఆయన ఒంటి మీద నేనెరగను."

"అంటే నీకూ తెలుసు."

"చూడగానే తెలిసింది."

"తెలిసి కూడా ఊఁ అన్నావు?"

"మీ పెదనాన్న అవునన్నారు. నువ్వు నవ్వుతున్నావు. నేనేం చెయ్యను?"

పిట్ట మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత కాగితం మళ్లీ చుట్టడం మొదలెట్టింది. చుడుతోంది, అది విప్పుకుంటోంది, మళ్లీ చుడుతోంది. "రెండింటికి ఇవ్వాలి," అంది ఎవరితోనో అన్నట్టు. "మొత్తం దీని మీదే రాశాను. అయితే ఎక్కడా లేడన్నమాట. డెబ్బై నాలుగింట్లో ఎక్కడా."

"చివరి షాటు పెట్టు," అన్నాను.

"ఎందుకు?"

"పెట్టవే."

పెట్టింది. కారిడారు, అమ్మాయి వీపు. గోరుతో బల్ల మీద కొట్టాను. నిండుగా ఒకటి, పొట్టిగా ఒకటి. బొమ్మ కుంగినప్పుడల్లా గోరు పడుతోంది. ఏడెనిమిది అడుగుల దాకా పిట్ట నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. తర్వాత నన్ను చూడడం మానేసి తెర వైపు వంగింది.

"ఇప్పుడు ఆగుతారు చూడు," అంది మరదలు వెనకనుంచి.

కారిడారు మలుపు దగ్గర, అమ్మాయి ఇంకా తిరగకముందే, కెమెరా ఆగింది. ఒక్క ఊపిరంత. మళ్లీ కదిలింది.

"నువ్వు ముందే చూశావా?" అంది పిట్ట.

"ఎప్పుడు చూశాను? మన మెట్ల మలుపు దగ్గర ఆగేవారు కాదూ, కాలు మార్చుకోడానికి? ఇరవై ఏళ్లు విన్నాను. ఆ ఆగడం వినబడగానే కంచం పెట్టేదాన్ని."

మంచం కింద వాడి పని సంచి ఉంది. మరదలే వెళ్లి లాగింది. చెక్కముక్కలు, పట్టాలకి రాసే పౌడరు డబ్బా, సుద్ద, సమం చూసే నీటి బుడగ కొలబద్ద, అట్ట చిరిగిన చిన్న పుస్తకం. ఏ రోజు ఎంత పొడుగు పట్టాలు, ఎక్కడ ఆపాలి, ఎన్ని అడుగులు, అన్నీ అందులో రాసుకునేవాడు. పిట్ట పేజీలు తిప్పి ఒకచోట ఆగి పైకే చదివింది.

"హోటలు. మూడో రోజు. కారిడారు. నేల కనబడుతుంది, పట్టాల్లేవు. కెమెరామన్ చక్రాల కుర్చీలో. అరవై రెండు."

షాటు మళ్లీ మొదటినుంచి పెట్టింది. ఈసారి ముగ్గురం లెక్కపెట్టాం, పెదవులతో. చివరికొచ్చేసరికి యాభై ఎనిమిది.

"నాలుగు తక్కువ," అన్నాను.

"ఎడిటింగులో మొదలు కోసేసి ఉంటారు," అంది పిట్ట. పుస్తకం మూస్తూ, "నాలుగడుగులు పోయాయి," అంది.

గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది. పిట్ట రాసినవాటిలో మూడు కాగితాలు అడ్డంగా కొట్టేసింది. తెల్ల కాగితాలు అయిపోయాయి. జిరాక్స్ షాపునుంచి తెచ్చిన బొమ్మని తిరగేసి, దాని వెనక రాయడం మొదలెట్టింది. డెబ్బై నాలుగో షాటు గడిలో "చేతిలో పట్టుకున్న కెమెరా" కొట్టేసి, "చక్రాల కుర్చీ" అని రాసింది. "గుండె చప్పుడులా" అన్న మాట మీద పెన్ను కాసేపు నిలబెట్టి, దాన్నీ కొట్టేసింది. పక్కన ఏం రాసిందో నేను చదవలేదు. రెండే పదాలు.

"మేడం ఒప్పుకుంటుందా?" అన్నాను.

"ఏమో."

మళ్లీ రాసుకుంది. నేను తలుపు వైపు చూశాను. చెప్పులు అక్కడే ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే ఆకాశం పొద్దున ఉన్నట్టే ఉంది. ఎదురింటివాళ్లు దుప్పటి తీసేశారు, తడిదే.

ఒంటిగంటకి పిట్ట పెన్ను మూసింది. మరదలు బల్ల మీది కాగితాలు ఒక పక్కకి జరిపి కంచాలు తెచ్చింది. నా ముందొకటి, పిట్ట ముందొకటి. వెళ్లి మూడోది తెచ్చింది. పొయ్యి పక్కనుంచి పీట లాక్కొచ్చి బల్లకి ఆ వైపు వేసుకుని కూర్చుంది. అన్నం, ఉల్లిపాయ వేసిన గుడ్ల కూర. ఎవరికి వాళ్లం వడ్డించుకున్నాం.

కంప్యూటరు మూయడం మర్చిపోయాం. బల్ల చివర అది మూగగా నడుస్తూనే ఉంది. తలుపు, చెయ్యి, మంచం. మరదలు దాని వైపు తల తిప్పకుండా తింటోంది. నేనూ తిప్పలేదు. చివరి షాటు వచ్చినట్టు మాత్రం తెలిసింది. ముద్ద నోటి దగ్గర ఆమె చెయ్యి ఒక్క ఊపిరంతసేపు ఆగి, మళ్లీ కదిలింది.

పిట్ట ఎడమచెయ్యి చాపి కంప్యూటరు మూత దించబోయింది. మరదలు ఆ చేతిని ఆపి, అందులో నీళ్ల గ్లాసు పెట్టింది.